గత్తర కబురు చెప్పినవాళ్ల సంగతి

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ పెట్టి, పాతవాణ్ని కదా అని నన్ను కూడా పిలిచారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మెదక్‌లో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా చేరి, బతుకంతా ఆ చుట్టుపక్కలే సైకిలు తొక్కినవాణ్ని నేను. ఒక అమ్మాయి లేచి, "సార్, మీకు ఊరూరా మనుషులు ఉండేటోళ్లట గద. అంత పరిచయం ఎట్ల పెంచుకున్నరు?" అని అడిగింది. నేను పొంగిపోయి అరగంట చెప్పాను. పేర్లు గుర్తుపెట్టుకోండి, చిన్న పనివాళ్లను చిన్నచూపు చూడకండి, అవసరం లేనప్పుడు కూడా వెళ్లి పలకరించండి అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు.

చెప్పిందంతా నిజమే, కాకపోతే సగమే. మిగతా సగం చెప్పి ఉంటే ఆ శాలువా పెట్టెలోనే ఉండిపోయేది. ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చి అన్నం సహించలేదు. రేపు ఆమె ఏదో ఒక ఊరికి పోతుంది, నేను చెప్పినట్టే పరిచయాలు పెంచుకుంటుంది, నేను చేసిన తప్పే చేస్తుంది. అందుకని మిగతా సగం రాస్తున్నాను. నా బదిలీలు, ప్రమోషన్లు, నింపిన ఫారాలు ఎవరికీ అక్కరలేదు కనుక వాటి జోలికి పోను.

పటేలు చీటీ

మా పని వినడానికి చిన్నదే. ఊళ్లో మశూచో గత్తరో మొదలైతే అది ముందు మాకు తెలియాలి. తెలిస్తే సూదులు వేస్తాం, బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలుపుతాం, జిల్లా ఆఫీసుకు తంతి కొడతాం. చిక్కంతా ఆ తెలియడం దగ్గరే. గత్తర అంటే కలరా. మా వైపు తిట్టడానికి వాడతారు గాని, ఇంట్లో మనిషి వాంతులతో, బేదులతో పడి ఉంటే మాత్రం ఆ మాట నోట రానివ్వరు. పేరు తీస్తే ఇల్లంతా పట్టుకుంటుందని భయం. పొద్దున పడిన మనిషి సాయంత్రానికి పోవచ్చు. వేళకు మెదక్ దవాఖానకు చేరి సెలైన్ ఎక్కితే లేచి కూర్చోవచ్చు.

ఊళ్లో చావు పుట్టుకలు రాయాల్సింది పోలీస్ పటేలు. మొదటి ఏడాది నేను ఆయన చీటీనే నమ్ముకున్నాను. చీటీలో క్షేమమని ఉంటే ఊరు క్షేమమే. పటేలు ఇంట్లో కోడికూర తిని, ఆ చీటీ జేబులో పెట్టుకుని వచ్చేవాణ్ని. నాకు పలుకుబడి పెరుగుతోందని కూడా అనుకునేవాణ్ని.

నా కింద ఖాదర్ సాబ్ అని ఒక టీకాలాయన ఉండేవాడు. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్ద, నిజాం కాలం నుంచి టీకాలు వేస్తున్న మనిషి. ఒకరోజు ఆయన నా చీటీల కట్ట చూసి నవ్వాడు.

"సార్, పటేల్ ఇంట్ల ఎవరన్న పోతే మీకు ఎర్క అయితది. ఊరవతల పోతే ఆయనకే మూడొద్దులకు ఎర్క అయితది. గీ కాయితాలు పట్టుకొని ఏం జేస్తరు?"

"మరి ఎవర్ని అడగాలె ఖాదర్ సాబ్?"

"చాకలోళ్లను అడుగుండ్రి. మనుషులు జూటా మాటలు చెప్తరు గని బట్టలు చెప్పవు."

ఆయన పద్ధతే వేరు. ఏ ఊరికి పోయినా ముందు చావడికి పోడు. చెరువు గట్టుకో, కల్లు దుకాణానికో, కాటికాపరి గుడిసెకో పోయి ఊరికే కూర్చుంటాడు. మోకాలి నొప్పి ఎట్లుంది, అల్లుడు మళ్లీ అలిగిండా అని అడుగుతాడు. తమాకు పంచుకుంటాడు, లేచి వస్తాడు. ఇదేం పని అని నేను విసుక్కుంటే, "పనున్ననాడే పోతే అడుక్కునేటోడు వచ్చిండంటరు సార్. పనిలేనినాడు పోతే సుట్టం వచ్చిండంటరు" అన్నాడు.

అది నిజమని నాకు ఒక బస్సు డ్రైవరు వల్ల తెలిసింది. సంగారెడ్డి నుంచి టీకా మందు తెస్తూ, ఐసు వేసిన ఫ్లాస్కును అక్కడి బస్టాండులోనే మరిచిపోయాను. అది పాడైతే నెల రోజుల టీకాలు పోయినట్టే. ఆ డ్రైవరు మరుసటి ట్రిప్పులో దాన్ని వెతికి, కొత్త ఐసు వేయించి, తన సీటు పక్కన పెట్టుకుని తెచ్చి ఇచ్చాడు. నా మీద ప్రేమతో కాదు, "ఖాదర్ సాబ్ డబ్బా గద" అని. అప్పటికి ఏడాదిగా అదే బస్సులో తిరుగుతున్న నేను ఆయన ముఖమైనా సరిగ్గా చూడలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టుండేది నా వ్యవహారం.

ఆ రోజు నుంచి ఖాదర్ సాబ్ వెంట పడ్డాను. ఒక చిన్న పుస్తకం పెట్టి ఊరూరా పేర్లు రాసుకున్నాను. మా నాన్న మిషన్ బడిలో టీచరు కాబట్టి ఆదివారం చర్చి అయ్యాక గేటు దగ్గర నాలుగు వాడల మనుషులు కలిసేవారు. ఇదివరకు నమస్తే పెట్టి ఇంటికి పోయేవాణ్ని, ఇప్పుడు నిలబడి మాట్లాడసాగాను. రెండేళ్లలో నా పుస్తకం నిండింది. గర్వం కూడా నిండింది. ఖాదర్ సాబ్ దగ్గర నేర్చుకోవలసింది ఇంకొకటి ఉందని అప్పటికి నాకు తెలియదు.

అంజమ్మ రేవు

శంకరంపేట దారిలో ఒక ఊరు. పేరు రాయను, అక్కడి పిల్లల పిల్లలు ఇంకా ఉన్నారు. ప్రతి గురువారం పెద్ద అంగడి జరిగేది. పశువులు, మిరపకాయలు, బట్టలు కొనడానికి చుట్టూ పది ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. ఆ ఊరి బతుకంతా ఆ అంగడి మీదే. ఊళ్లో చాకలి ఇల్లు ఒక్కటే. మొగుడు పోయిన అంజమ్మ, మంచం పట్టిన ఆమె అత్త, అంతే.

నేను మొదటిసారి రేవు దగ్గర సైకిలు ఆపినప్పుడు అంజమ్మ తల కూడా ఎత్తలేదు. "ఏంది సారూ, పటేలింట్ల కోళ్లు అయిపోయినయా? రేవుకొచ్చినవ్" అంది. ఖాదర్ సాబ్ పడీ పడీ నవ్వాడు. ఆమె నాతో సూటిగా మాట్లాడటానికి ఎనిమిది నెలలు పట్టింది. బట్టలకు పెట్టే చౌడు మట్టికి ఆమె అరచేతులు పగిలి నెత్తురు కారేవి. దవాఖానలో అడిగి మలాము తెచ్చి ఇచ్చేవాణ్ని. ఆమె మాత్రం నాకు కొండంత చదువు చెప్పింది. ఏ మరక కాన్పుది, ఏ చెమట వాసన చలిజ్వరానిది, ఏ తువ్వాలు దగ్గు మనిషిది, అన్నీ విడదీసి చూపించేది. ఆమె చూపించిన తువ్వాళ్ల వల్ల ఇద్దరు క్షయ రోగుల్ని ముందుగానే పట్టుకోగలిగాం.

ఒక వానాకాలం మంగళవారం నాడు నేను పోయేసరికి ఆమె వెక్కిరించలేదు. లేచి నిలబడింది.

"సారూ, జర గిటు రా." ఒక పక్కకు వేసిన బట్టల కుప్ప చూపించింది. "మూడిండ్ల బట్టలియి. మూడూ ఒక్క తీరుగున్నయి. బియ్యం కడిగిన నీళ్ల లెక్క."

ఆ మాట ఏ ఇన్‌స్పెక్టరుకైనా చాలు. గత్తర బేదులు అచ్చం అట్లాగే ఉంటాయి. ఎవరి ఇళ్లని అడిగితే గుర్తులు చెప్పింది. అందులో ఒకటి పటేలు తమ్ముడి ఇల్లు.

"మొన్న ఒక ముసలాయన పోయిండు. జరమొచ్చి పోయిండని అందరికి చెప్పిన్రు" అంది.

"పటేల్‌కు ఎర్క లేదా?"

"ఎర్క లేకేంది? ఎల్లుండి అంగడి గద."

నేను సైకిలు తిప్పుతుంటే హ్యాండిలు పట్టుకుంది. "సారూ, నా పేరు రానియ్యకు. ఊరోళ్ల బువ్వ తిని బతికేదాన్ని."

ఈ తరం వాళ్లకు ఆ మాట అర్థం కావాలంటే కొంచెం చెప్పాలి. చాకలికి అప్పుడు ఊరే పొయ్యి. పొద్దుగూకే వేళ గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే తలా ఒక గరిటె అన్నం, ఇంత కూర వేసేవారు. కోతలప్పుడు కళ్లంలో గింజలు కొలిచేవారు. ఊరు మొహం తిప్పుకుంటే ఆ ఇంట్లో ఇక పస్తే.

"నీ పేరెందుకొస్తదమ్మా, నేను లేనా?" అన్నాను.

జీపు వచ్చిన రోజు

తంతి కొట్టిన మర్నాడే జిల్లా ఆరోగ్యాధికారి జీపులో వచ్చాడు. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మంచి డాక్టరు, ముక్కుమీద కోపం. చావడి దగ్గర పటేలు కుర్చీలు వేయించాడు. ఊరి పెద్దలు, అంగడి వర్తకులు చుట్టూ చేరారు.

"అయ్యా, మా ఊళ్లె గత్తరేంది? గిది జూడుండ్రి" అని పటేలు చావుల రిజిస్టరు తెరిచాడు. ఆ నెల పేజీ తెల్లగా ఉంది. "ఇన్‌స్పెక్టర్ సాబ్ ఎవల మాటనో ఇని పరేషాన్ అయిండు. చిన్న వయసు గద."

జనం నవ్వారు. ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా, అక్కడ పనులన్నీ ఆపుకుని ఇంతదూరం వచ్చాను. ఎవరు చెప్పారు నీకు?"

నేను అనవలసింది ఒక్క మాట. "సార్, మూడిళ్లు ఉన్నాయి, నడవండి, చూద్దాం" అంటే సరిపోయేది. ఇళ్ల గుర్తులు నాకు తెలుసు. కానీ అంతమంది నవ్వేసరికి ఒళ్లు మండిపోయింది. చీటీ నమ్మే పిచ్చివాణ్ని కాదని, ఊళ్లో నాకూ మనుషులున్నారని చూపించుకోవాలనిపించింది.

"చూసిన మనిషే చెప్పింది సార్. ఆ ఇళ్ల బట్టలు ఉతికే ఆమె" అన్నాను.

పేరు చెప్పలేదు. మాట నిలబెట్టుకున్నానని ఆ క్షణంలో లోలోపల మెచ్చుకున్నాను కూడా. పటేలు నవ్వు ఆగిపోయింది. "గట్లనా" అన్నాడు, అంతే.

ఆ తర్వాత మూడిళ్లూ తిరిగాం. రెండో ఇంట్లో ఒకామె కళ్లు గుంటలు పడి, గొంతు పోయి, చాప మీద పడి ఉంది. పటేలు తమ్ముడి ఇంట్లో ఇద్దరు. వాళ్లను జీపులోనే దవాఖానకు పంపాం. వారం రోజులు బావులు, సూదులు, ఇల్లిల్లూ తిరగడం. అంగడి మూడు వారాలు మూయించారు. ఇంకా ఇద్దరు పోయారు గాని మిగతావాళ్లు దక్కారు. ఆఫీసరు వెళ్తూ నా భుజం తట్టి, "నీకు మంచి మనుషులున్నారయ్యా" అన్నాడు. ఆ మాటను ఆదివారం చర్చి గేటు దగ్గర కనీసం నలుగురికి చెప్పుకున్నాను.

గంప ఖాళీ

అంగడి మళ్లీ మొదలయ్యాక రేవుకు పోయాను. బండ మీద బట్టల మూటలు లేవు. అంజమ్మ తన చీర ఒక్కటే ఆరేసుకుని కూర్చుంది. మలాము డబ్బా ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఎందుకు సారూ? చేతులు మంచిగైనయి. పని లేదు గద."

"ఏమైందమ్మా?"

"గంప పట్టుకొని పోతే తలుపులేస్తున్రు. అంగడి మూపిచ్చినదాన్ని అంగట్లనే తినుమంటున్రు. మా అత్త నిన్న మంచినీళ్లు తాగి పండుకున్నది."

"నేను నీ పేరు చెప్పలేదమ్మా" అన్నాను. అంతకన్నా పనికిమాలిన మాట నేను జీవితంలో అనలేదు.

"ఊళ్లె బట్టలుతికేటోళ్లు ఎంతమంది సారూ?" అని అడిగింది.

పటేలు దగ్గరికి పరిగెత్తాను. ఆయన మర్యాదగా కుర్చీ వేయించాడు. "మేమేమన్నం ఇన్‌స్పెక్టర్ సాబ్? ఎవల బట్టలు వాళ్లు పిండుకుంటున్రు. గది గూడ తప్పేనా?" అన్నాడు. తప్పని ఏ చట్టంలోనూ లేదు. చావు నుంచి లేచి వచ్చిన ఆ రెండో ఇంటామెను అడిగాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది గాని, "మేమొక్కలం పెడితే మమ్ముల గూడ ఎలేస్తరు సారూ" అంది. పటేలునొక్కణ్నే తిట్టుకుని ఊరుకుందామంటే వీల్లేదు. మూడు వారాల అంగడి పోయి ఊరు ఊరంతా నష్టపోయింది, కోపం చూపించడానికి వాళ్లకు దొరికింది ఆమె ఒక్కతే.

అప్పుడు నా పేర్ల పుస్తకం తీశాను. ఇన్నాళ్ల పరిచయాలు ఎందుకు, ఒక్క మనిషికి ఒక్క పని చూపించలేనా అనుకున్నాను. ఆఫీసరును అడిగితే, "ఇవన్నీ మన పనులు కావయ్యా" అన్నాడు. గుమాస్తాలు చూద్దామన్నారు. చర్చి గేటు దగ్గర అడిగితే, ఒక దవాఖానలో దుప్పట్లు ఉతికే మనిషి కావాల్సి వస్తుందని, వచ్చే నెల చెబుతామని అన్నారు. పాపం, వాళ్లు చెప్పినట్టే వచ్చే నెల కబురు పంపారు. నేను సంతోషంగా సైకిలు తొక్కుకుంటూ పోయేసరికి అంజమ్మ ఇంటికి తడిక అడ్డం పెట్టి ఉంది. అత్త పోయిందట. దినాలు కూడా కాకముందే అంజమ్మ పట్నం దారి పట్టిందట. తర్వాత రెండుసార్లు పట్నం పోయినప్పుడు నది ఒడ్డున బట్టలుతికే వాళ్లందరినీ అడిగాను. తెలియదన్నారు.

ఆ ముసలమ్మను గత్తర చంపలేదు. చావడి ముందు నేను అన్న మాట చంపింది. ఇన్నేళ్లయినా నాకు దానికి వేరే పేరు దొరకలేదు.

ఖాదర్ సాబ్ నన్ను తిట్టలేదు. కొన్నాళ్లు తన వెంట రమ్మనలేదు, అంతే. నేనే ఉండబట్టలేక అడిగాను, నీకు ఎవరు చెప్పిన్రని ఆఫీసర్లు ఇన్నేళ్లలో నిన్ను అడగలేదా అని.

"ఎందుకడగరు సార్? నాకు కలొచ్చింది అని చెప్తుంటి. ఇరవై ఏండ్ల సంది గదే చెప్తున్న. పిచ్చోడనుకున్నరు. అనుకోనీ, నా సొమ్మేం పోయింది?"

నేను నేర్చుకోకుండా వదిలేసింది ఇదే. నలుగురిలో పిచ్చివాడిలా నిలబడటం ఆయనకు చేతనైంది, నాకు కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అంటారు. నా నోరు అందరితో మంచిగానే ఉండేది, మూసుకోవలసిన ఒక్క చోట తప్ప. కాబట్టి అమ్మాయీ, నీకు కబురు చెప్పే మనిషి ఎవరి చేతి ముద్ద తిని బతుకుతోందో ముందు కనుక్కో. ఆ ముద్ద ఆగితే నువ్వేం చేయగలవో కబురు రాకముందే చూసుకో, వచ్చాక కాదు. పేరు చెప్పకపోతే చాలదు. పని చెప్పకు, వీధి చెప్పకు, ఆడో మగో చెప్పకు. వీలైతే అసలు ఎవరో చెప్పారన్న సంగతే చెప్పకు.

ఎల్లయ్య

కొన్నాళ్లకు పటేలు వేరే ఊరి నుంచి ఎల్లయ్య, సాయమ్మ అనే మొగుడూ పెళ్లాలను తెచ్చి ఆ చాకలి ఇంట్లో పెట్టాడు. నేను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. మలాము, తమాకు, పని లేకపోయినా పోవడం. ఎల్లయ్య చాలా మర్యాదస్తుడు. నన్ను చూడగానే బండ తుడిచి, "కూసోండ్రి సారూ" అనేవాడు. వానల గురించి, గాడిద గురించి ఎంతసేపైనా మాట్లాడేవాడు. ఊరి సంగతి అడిగితే మాత్రం, "అంత మంచిగనే ఉన్నది" అనేవాడు.

మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం పోయాను. ఎల్లయ్య ఒక్కడే ఉతుకుతున్నాడు.

"సాయమ్మ రాలేదా?"

"ఇంట్ల పనున్నది సారూ."

"ఊళ్లె ఎవరికన్న వాంతులు, బేదులు ఉన్నయా?"

"లేవు సారూ. అంత మంచిగనే ఉన్నది."

ఆ మాట అంటూ ఆయన తల ఎత్తలేదు. నేను గమనించాను, అయినా గుచ్చి అడగలేదు. ఆ ఊళ్లో ఎవరినైనా గుచ్చి అడిగే ముఖం నాకు లేదు. వాళ్ల ఇల్లు గట్టు మీద, యాభై అడుగుల దూరంలో ఉంది. నా సంచిలో మందు బిళ్లలున్నాయి. మెదక్ బస్సుకు ఇంకా గంట టైముంది. తమాకు ఇచ్చి, సైకిలెక్కి వెళ్లిపోయాను.

నాలుగు రోజుల తర్వాత ఖాదర్ సాబ్ ఆ వైపు టీకాలకు పోయి, ఊరి బయట వల్లకాట్లో కొత్త బూడిద కుప్పలు చూసి పరిగెత్తుకొచ్చాడు. మేం సూదులు తీసుకుని పోయేసరికి ఆరుగురు పోయారు. అప్పుడు గాని పటేలు రిజిస్టరు తెరవలేదు. ఆయన కలం నా చేతికిస్తే పేర్లు నేనే రాశాను. నాలుగో పేరు సాయమ్మది. నేను రేవులో నిలబడి అడిగిన మధ్యాహ్నం ఆమె ఆ ఇంట్లోనే పడి ఉంది. ఆ సాయంత్రమే పోయింది.

రేవుకు పోయాను. ఎల్లయ్య బండ దగ్గరే ఉన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నేను గీడనే ఉంటి గద ఎల్లయ్యా! సంచిల మందుండె, బస్సుండె. ఒక్క మాట చెప్తే నీ పెండ్లాం దక్కుతుండె గద. ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

ఆయన ఎదురు అరవలేదు. పిండుతున్న బట్టను పక్కన పెట్టి, తడి చేతులు రెండూ జోడించాడు.

"నువ్వు మంచోనివే సారూ" అన్నాడు. "నీకు చెప్పినోళ్లే మంచిగుండరు."